పడవవాడి కథకు చివరి ఆకు

గృధ్రశిఖర రాజ్యంలో ఉప్పు దొరకదు. ఆకాశాన్ని భుజాల మీద మోస్తున్నట్టు నిలబడిన పదకొండు కొండలున్నాయి. వాటి గుండెల్లోంచి పొగలు కక్కుతూ పుట్టే వేడినీటి బుగ్గలున్నాయి. సూర్యుడు ఉదయించగానే పగడపు రాశిలా మెరిసే ఎర్రరాతి కోట ఉంది. ఆ కోట బురుజుల మీద రెక్కలు సగం విప్పి కూర్చున్న నూట ఎనిమిది రాతి రాబందులున్నాయి. ఉప్పు మాత్రం లేదు. అందుకే మైదానపు మనిషి కనిపిస్తే తల తీసే అక్కడి కావలివాళ్లు, ఉప్పు మూట మోసుకొచ్చేవాణ్ణి మాత్రం ఒక్క పగటికి లోపలికి వదిలేవారు. పొద్దు గుంకేలోగా వాడు కనుమ దాటి వెళ్లిపోవాలి.

ఆ రోజు తెల్లవారుతూనే కనుమ దగ్గరికి వచ్చిన మనిషి ఉప్పు మోసేవాడు కాదు. మణికూట రాజ్యంలో తాటాకుల మీద గ్రంథాలకు నకళ్లు రాసే కువలయుడు. గడ్డం పెంచి, మొహానికి బొగ్గుపొడి పులుముకుని, భుజాన గోనెమూట వేసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా గంటం పట్టి కాయలు కాచిన వేళ్లను దాచడానికి వేరే ఉపాయం తోచక, పిడికిలి బిగించి నడుస్తున్నాడు.

"ఏ ఊరు నీది?" అన్నాడు కావలివాడు.

"సముద్రపొడ్డు అయ్యా. ఉప్పుమళ్లలో పని."

కావలివాడు మూటలోకి వేలు దూర్చి, నాలుకకు రాసుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "పో. పొద్దు గుంకాక నువ్వు కనిపించకూడదు," అన్నాడు.

కువలయుడు ఇల్లు విడిచి అప్పటికి ఇరవై ఒక్క రోజులయింది.

అతని భార్య తరళ గాయాలు కుట్టే వైద్యురాలు. కిందటేడు మణికూటానికీ గృధ్రశిఖరానికీ యుద్ధం జరిగినప్పుడు, రణభూమి పక్కన పాడుబడిన మండపంలో పదిహేను రోజులు ఒంటరిగా ఉండి, మెడ తెగి పడి ఉన్న ఒక శత్రు సైనికుణ్ణి బతికించింది. వాడు లేచి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా దళంతో తిరిగొచ్చి సరిహద్దు కోటను తగలబెట్టాడు. ముప్ఫై ఇద్దరు చచ్చిపోయారు. ప్రాణాలతో బయటపడిన ఒకడు దళనాయకుడి మెడ మీది కుట్లను చూశాడు. అవి ఎవరి చేతి కుట్లో మణికూటంలో తెలియనివాళ్లు లేరు. చనిపోయినవాళ్ల తల్లులు రాజసభ ముందు నిలబడి తరళ పేరు చెప్పి ఏడ్చారు.

మణికూటంలో తీర్పులు రాజు ఇష్టాన్ని బట్టి జరగవు. అక్కడ ధర్మకథలని ఒక గ్రంథం ఉంది. ఏ వ్యాజ్యం వచ్చినా దానికి పోలిన కథను సభలో చదివిస్తారు. కథ ఎలా ముగిస్తే తీర్పు అలా ఉంటుంది. తరళ నేరానికి పోలినది పడవవాడి కథ. వరదలో కొట్టుకుపోతున్న మనిషిని ఒక పడవవాడు ఒడ్డుకు చేరుస్తాడు. ఆ మనిషి దొంగ. వెళ్లి వెళ్లి పడవవాడి ఊరినే దోచి, ముగ్గుర్ని చంపుతాడు. ఊరివాళ్లు పడవవాణ్ణి రాజు ముందుకు ఈడ్చుకొస్తారు. రాజు సింహాసనం మీంచి లేచాడు అని ఉంది. అక్కడితో సరి. చివరి ఆకును చెదలు తినేశాయి.

"సగం కథతో నేను తీర్పు చెప్పలేను," అన్నాడు ధర్మాధికారి వామదేవుడు. "ఈ కథను మన చుట్టూ ఉన్న మూడు దేశాల్లోనూ చెప్పుకుంటారు. ఒక ప్రతిలో ఆకు పోతే ఇతర ప్రతులతో సరిచూసుకోవడం లేఖకుల పద్ధతి. ఆ మూడింటిలో ఏ రెండు ఒక్కమాట చెబితే అదే మన చివరి ఆకు. నలభై రోజులు గడువు. ఎవరు వెళతారు?"

కువలయుడు లేచి నిలబడ్డాడు.

గడువు తీరేవరకూ తరళ కాళ్లకు శిలాశృంఖల వేశారు. అది తాళం లేని సంకెల. వేసుకున్న మనిషి పాదాల నుంచి మొదలై రోజుకింత చొప్పున రాయి అవుతూ వస్తుంది. నిర్దోషి అని తీర్పు వస్తే రాయి మళ్లీ మాంసమవుతుంది. రాకపోతే నలభయ్యో నాటికి కంఠాన్ని చేరుతుంది. బయలుదేరేటప్పుడు కువలయుడు వంగి ఆమె పాదం ముట్టుకుంటే, అప్పటికే చల్లగా తగిలింది.

"నన్ను విడిపించే కథ తీసుకురావద్దు," అంది తరళ. "ఉన్న కథ తీసుకురా. నువ్వు అబద్ధం చదివితే నీ గొంతులోనే నాకు తెలిసిపోతుంది."

మొదట అతను వెళ్లింది సముద్రతీరపు శంఖతట రాజ్యానికి. అక్కడి జాలరి పెద్దలు కథ ఇలా ముగించారు: "రాజు సింహాసనం మీంచి లేచి, నీళ్లలో ఉన్నవాడికి పేరు లేదు, ఊరు లేదు, రేపు లేదు; ఒడ్డు చేర్చడమే పడవవాడి ధర్మం; దోపిడీ పాపం దోచినవాడిదే అన్నాడు. పడవవాణ్ణి విడిచిపెట్టాడు." ఆ మాట విని కువలయుడు ఇసుకలో కూలబడి ఏడ్చాడు. ఇంకొక్క దేశం అదే మాట చెబితే చాలు.

అందుకే ఇప్పుడు ఉప్పు మూట మోసుకుంటూ పైకి ఎక్కుతున్నాడు. గృధ్రశిఖరంలో ఇప్పుడు కథలు రాసుకోరు. రాజ్యం మొత్తానికీ ఒకే ఒక్క ముసలిది వాటిని జ్ఞాపకం పెట్టుకుంటుంది. పేరు బోదమ్మ. కొండ కొమ్మున ఒక గుహలో ఉంటుంది.

ఎండ ముదిరేసరికి అతను గుహ చేరాడు. బోదమ్మ గొర్రెచర్మం మీద కూర్చుని, రోట్లో ఏవో వేర్లు దంచుకుంటోంది. జుట్టు వెండిపోగులా మెరుస్తోంది. మూట దించగానే ఒక ఉప్పురాయి తీసి నోట్లో వేసుకుంది.

"ఏ కథ కావాలి నాయనా?"

"పడవవాడి కథ అవ్వా."

ఆమె కథ మొదలుపెట్టింది. వరద అదే. దొంగ వాడే. చనిపోయినవాళ్లు ముగ్గురే. సముద్రపొడ్డున విన్న మాటలే ఈ కొండ గొంతులో వినిపిస్తున్నాయి. రాజు సింహాసనం మీంచి లేచాడు.

"లేచి కిందికి దిగాడు," అంది బోదమ్మ. "పడవవాడి కాళ్లకు మొక్కాడు. మొక్కి, వాణ్ణి కొండ మీంచి తోయించాడు."



"మొక్కినవాడు ఎందుకు తోయించాడు అవ్వా?" అన్నాడు కువలయుడు.

"ఇది కొండ నాయనా. పదిమందిమి ఒకే తాడు నడుముకు కట్టుకుని ఎక్కుతాం. ఒకడు కాలు జారితే, వాడు మంచివాడే కావచ్చు, ఎవరినో కాపాడబోయే జారి ఉండవచ్చు, తాడు తెంచకపోతే పదిమందీ పోతారు. మొక్కి తెంచుతాం."

"వేరే విధంగా చెప్పేవాళ్లు ఈ కొండల్లో ఇంకెవరూ లేరా?"

బోదమ్మ దంచడం ఆపింది. "నువ్వు ఉప్పు మోసేవాడివి కాదు. వాళ్లు కథ విని నవ్వో ఏడ్చో వెళ్లిపోతారు. కథ మార్చమని అడగరు. ఎవరికోసం?"

"నా భార్యకోసం."

ముసలిది అతను తెచ్చిన మూటలోంచే రెండు దోసిళ్ల ఉప్పు తీసి గుడ్డలో కట్టి ఇచ్చింది. "నడుముకు కట్టుకో. ఈ కొండల్లో మంత్రానికి ఉప్పు పడదు. రాజు పేరుకే రాజు, కోట తాళాలు మాంత్రికుడు భైరవాక్షుడి దగ్గరున్నాయి. ఇక్కడికి పరదేశి వస్తే వాడికి తెలియకుండా ఉండదు. బుగ్గల దారిన పోవద్దు."

కానీ పొద్దు గుంకేలోగా కనుమ చేరాలంటే బుగ్గల దారి తప్ప ఇంకో దారి లేదు.

వేడినీటి బుగ్గల నడుమ, పసుపుపచ్చని గంధకపు రాళ్ల మీద, భైరవాక్షుడు అతనికోసమే కూర్చుని ఉన్నాడు. బట్టతల, నాభి దాకా గడ్డం, గడ్డం చివర కట్టిన చిన్న ఎముక. కనుబొమలు లేని కళ్లు. అతని పక్కన పట్టుగుడ్డ మీద ఒకే ఒక్క తాటాకు.

"రా లేఖకా," అన్నాడు మర్యాదగా. "ముందు ఈ నీళ్లలోకి చూడు."

బుగ్గ మీది పొగ పక్కకు తొలగింది. నీళ్లలో తరళ కనిపించింది.

చెరసాల గవాక్షం పక్కన కూర్చుని ఉంది. నడుము వరకూ నల్లరాయి. ఆ పైన మనిషి. ఎవరో కావలిదాని చిరిగిన రవికె ఒళ్లో వేసుకుని కుడుతోంది. పెదవుల మధ్య దారం. మొదటి కుట్టు, రెండోది, ఏడో కుట్టు దగ్గర సూదిని వెనక్కి తిప్పి ముడి వేసింది. అది ఆమె అలవాటు. గాయమైనా గుడ్డయినా చివరి కుట్టును వెనక్కి తిప్పుతుంది. దారం కొరికి, తలెత్తి, గవాక్షంలోంచి బయటికి చూసింది. కువలయుడు తనకు తెలియకుండానే మోకాళ్ల మీద కూలబడి నీళ్లలో చెయ్యి పెట్టాడు. నీళ్లు సలసల కాగుతున్నాయి. చర్మం బొబ్బలెక్కినా చెయ్యి తీయలేదు. బొమ్మ చెదిరిపోయాక తీశాడు.

"ఆ ఆకు చూడు," అన్నాడు భైరవాక్షుడు.

కువలయుడు ఆకు తీసుకున్నాడు. మూడు వందల ఏళ్ల నాటిదిలా కనిపించే తాటాకు. అంచులు గోధుమరంగు తిరిగి, పురుగు తిన్న రంధ్రాలు సరైన చోట్ల ఉన్నాయి. అక్షరాలు పాత వాటం. కొండలవాళ్ల మాటతీరులోనే ఉంది, పడవవాణ్ణి రాజు విడిచిపెట్టాడని. పుట్టిన దగ్గరనుంచీ ఆకుల మధ్యే బతికిన తానే అది దొంగ ఆకు అని చెప్పలేడు.

"ఎందుకు ఇస్తున్నావు?" అని అడిగాడు.

"మీ రాజ్యాన్ని సైన్యంతో రెండుసార్లు కొట్టాను, పడలేదు. మీ బలం గోడల్లో లేదు, ఆ ధర్మకథల్లో ఉంది. అందులో నేను రాసిన ఆకు ఒక్కటి చేరితే నాకు చాలు. తర్వాత నా ఇష్టమైనప్పుడు దాన్ని బయటపెడతాను. ఆ రోజు నుంచి మీలో ఎవడూ ఏ తీర్పునూ నమ్మడు. అది నా లాభం. నీ లాభం నీళ్లలో చూశావు."

కువలయుడు ఆకును గుండెల దగ్గర పెట్టుకుని లేచాడు. పది అడుగులు వేశాడు. ఇరవై వేశాడు. పెరటి తలుపు తీసి లోపలికి అడుగుపెట్టినట్టు, తరళ పరుగున ఎదురొచ్చినట్టు, ఆ పాదాలు నేల మీద చప్పుడు చేసినట్టు అనిపించింది. ఇరవై ఒకటో అడుగు దగ్గర ఆగిపోయాడు. వెనక్కి వచ్చాడు.

"నా ఒక్కడి కథ అయితే తీసుకుపోయేవాణ్ణి," అన్నాడు. "రేపు ఇంకెవరి భార్యకో, ఇంకెవరి బిడ్డకో ఇదే ఆకు చదువుతారు."

ఆకును కాగే నీళ్లలోకి వదిలాడు. అక్షరాలు నల్లని చీమల్లా విడిపోయి తేలి, కరిగిపోయాయి.

భైరవాక్షుడు కోపంగా అరవలేదు. గడ్డం చివరి ఎముకను వేళ్ల మధ్య నలిపాడు. దూరాన కోట బురుజుల మీద నూట ఎనిమిది రాబందులు ఒక్కసారిగా రెక్కలు విప్పిన చప్పుడు, కొండ విరిగి పడినట్టు వినిపించింది.

కువలయుడు పరుగెత్తాడు.

గంధకపు రాళ్లు కాళ్ల కింద జారాయి. మొదటి రాబందు అతని తల మీంచి దూసుకుపోయి, ముందున్న దేవదారు చెట్టును వేళ్లతో సహా పెకలించింది. రెండోది గోళ్లు చాచి మీదికి దిగింది. అతను నడుముకున్న మూట చింపి దోసెడు ఉప్పు విసిరాడు. రెక్కల మీద ఉప్పు పడినచోట రాయి సున్నంలా బుసబుసా పొంగి విరిగిపోయింది. రాబందు గిరికీలు కొడుతూ లోయలో పడింది. మూడోది, నాలుగోది. ఉప్పు అయిపోవస్తోంది. ఎదురుగా లోయ, లోయ మీద వేలాడే తాళ్ల వంతెన, వంతెన అవతల కనుమ.

వంతెన నడుమ ఒక దళనాయకుడు కత్తి దూసి నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, ఇనుపకవచం.

"నిలబడు," అన్నాడు.

కువలయుడు నిలబడలేదు. తల వంచి, పొట్టేలులా నేరుగా వచ్చి వాడి పొట్టలో గుద్దాడు. ఇద్దరూ పలకల మీద దొర్లారు. కత్తి లోయలోకి జారిపోయింది. కువలయుడు ముందు లేచి, పాకుతూ అవతలి గట్టు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే రెండు రాబందులు దిగి, వంతెన మీదున్నది తమ మనిషే అన్న విచక్షణ లేకుండా తాళ్లను తెంపేశాయి. వంతెన నడిమికి తెగి వేలాడింది. దళనాయకుడు ఒక్క తాడు పట్టుకుని లోయ గోడకు కొట్టుకున్నాడు. శిరస్త్రాణం ఊడి పడిపోయింది.

కువలయుడు వంగి కిందికి చూశాడు. వాడి మెడ వెనక మచ్చ ఉంది. నీలిరంగు పట్టుదారపు చారలు చర్మంలో ఇంకిపోయి, వరసగా ఏడు కుట్లు. ఏడోది వెనక్కి తిరిగి ఉంది.

మొదట అతని చెయ్యి వెళ్లింది పక్కనున్న బండరాయి మీదికి. వీడివల్లే ముప్ఫై ఇద్దరు చనిపోయారు. వీడివల్లే ఆమె నడుము దాకా రాయి అయింది. బండరాయిని అంచు వరకూ దొర్లించాడు కూడా. కానీ అతను చూస్తున్నది ఆ ఏడు కుట్లనే. పదిహేను రోజులు ఆమె కూర్చుని, దీక్షగా, ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ వేసిన కుట్లు. ఆమె చేతి పని ఈ ఇరవై ఒక్క రోజుల్లో అతని కళ్లెదుటికి నిజంగా వచ్చింది ఇక్కడే. దాన్ని లోయపాలు చేయడానికి చేతులు ఒప్పుకోలేదు. బండను వదిలి, తాడు పట్టి లాగాడు. కాలిన అరచెయ్యి చర్మం ఊడింది. చివరి గుప్పెడు ఉప్పు, మీదికి వస్తున్న రాబందు మొహాన కొట్టి, మళ్లీ లాగాడు.

ఇద్దరూ కనుమ రాళ్ల చాటుకు దొర్లి పడ్డారు. రాబందులు కనుమ దాటి రాలేదు. పైన గిరగిరా తిరిగి, ఒక్కొక్కటే వెనక్కి మళ్లాయి.

"ఎందుకు లాగావు?" అన్నాడు దళనాయకుడు రొప్పుతూ. వాడి పేరు రణంజయుడు.

"నీ మెడ కుట్టింది నా భార్య."

రణంజయుడు చెయ్యెత్తి మెడ వెనక తడుముకున్నాడు. "ఆమె బతికే ఉందా?"

కువలయుడు చెప్పాడు. శిలాశృంఖల, నలభై రోజులు, పడవవాడి కథ, సముద్రం వాళ్లు చెప్పిన ముగింపు, కొండలవాళ్లు చెప్పిన ముగింపు. ఒకటి విడుదల, ఒకటి మరణం. ఇక తీర్పు మూడో దేశంలో ఉంది. ఎడారిలో ఉంది.

"కోట తగలబెట్టింది నేనే," అన్నాడు రణంజయుడు. "ఆజ్ఞ వచ్చింది. లోపల ఎవరున్నారో నేను అడగలేదు. ఆమె కూడా నేనెవరో అడగలేదు. ఆ రెండూ ఒకటి కావని నాకు తెలుసు. తెలిసి ఇన్నాళ్లూ నిద్రపోతూనే ఉన్నాను." తర్వాత తనే, "ఆ కథలో దొంగ ఏమయ్యాడు?" అన్నాడు.

కువలయుడు జవాబు చెప్పబోయి ఆగాడు. "సముద్రం వాళ్లు చెప్పలేదు."

"మావాళ్లు?"

"వాళ్లూ చెప్పలేదు. ఏ సభలోనూ వాణ్ణి పిలిచి అడగలేదు."

"అయితే మీ ధర్మాధికారిని అడగమందాం. నేను వెళతాను."

"నిన్ను చంపుతారు."

"చంపనీ. చంపేముందు ఎవరో ఒకరు అడుగుతారు కదా."

కనుమ చివర చౌకీలో రెండు గుర్రాలున్నాయి. నాయకుణ్ణి చూసి అక్కడి భటుడు మారుమాట లేకుండా కళ్లేలు అందించాడు. చౌకీ దాటాక దారి రెండుగా చీలింది. కుడివైపు దారి పచ్చని పొలాల్లోకి దిగి, తొమ్మిది రోజుల్లో మణికూటం చేరుతుంది. ఎడమదారి బూడిదరంగు రాళ్ల మీదుగా మరుధన్వమనే ఎడారి రాజ్యానికి పోతుంది. అక్కడికి ఏడు రోజులు. అక్కడి నుంచి మణికూటానికి పన్నెండు. గడువులో మిగిలినవి పంతొమ్మిది. ఒక్క పూట కూడా అదనంగా లేదు. పైగా మరుధన్వంలో కథ చెప్పినవాడికీ విన్నవాడికీ ఒకటే శిక్ష, మరణం అని సముద్రపొడ్డున అందరూ హెచ్చరించారు.

కువలయుడి గుర్రం దానంతటదే కుడివైపు తిరిగింది. అతను కళ్లెం లాగాడు. లాగి, చాలాసేపు ఆ పొలాలవైపే చూశాడు. నువ్వు నాకంటే ముందు ఆమెను చూస్తావు అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

"ఆమెకు ఏమని చెప్పమంటావు?" అన్నాడు రణంజయుడు.

"ముందు కొండల కథ చెప్పు. తర్వాత సముద్రం కథ చెప్పు. దేన్నీ తగ్గించి చెప్పకు."

"అంతేనా?"

"రాయి ఎంతవరకూ వచ్చిందని అడగకు. చేతులు ఇంకా ఆడుతున్నాయేమో చూడు. ఆడుతుంటే ఏదైనా కుట్టమని ఇవ్వు. ఊరికే కూర్చోవడం ఆమెవల్ల కాదు."

రణంజయుడు తలూపి గుర్రాన్ని అదిలించాడు. పొలాల మధ్య లేచిన ధూళి ఎర్రగా, తర్వాత లేతగా, తర్వాత ఒక చుక్కలా మిగిలి, చెట్లలో కలిసిపోయింది. ఆ చుక్క కనిపించినంతసేపూ కువలయుడు అక్కడే ఉన్నాడు. వెనక కొండ మీద నగారా మోగింది. తెగిన వంతెనను వదిలి, లోయ చుట్టి వచ్చిన భైరవాక్షుడి గుర్రపు దళం కనుమ దిగుతోంది. ఎదురుగా ఎడమదారి చివర, నేలకూ ఆకాశానికీ మధ్య పసుపుపచ్చని గోడలాగా ఇసుక తుఫాను లేచి వస్తోంది.

అతను తలపాగా కొంగు మొహానికి చుట్టుకుని, కాలిన చేతికి కళ్లెం రెండు మెలికలు వేసి, ఆ పసుపు గోడలోకి గుర్రాన్ని దూకించాడు.